ఇంజిన్ మెడలో గంట ఎవరు కడతారు?

పాత కార్ల పిచ్చి ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే ఐదు నిమిషాల్లో మాట గేర్ బాక్స్ మీదకి వస్తుంది. ఐదు గేర్లది ఎక్కడ దొరుకుతుంది, ఎవరి దగ్గర ఉంది, ఎంతకిస్తాడు.. ఇదే గోల. ఆ గేర్ బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే ముక్క ఏది అని మాత్రం ఎవరూ అడగరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కలిపే దారి తెలియకుండానే గేర్ బాక్స్ కొనేసి గ్యారేజ్ మూలన గోనెసంచి కప్పి పెట్టుకున్న వాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు.

నా వాదన ముందే చెప్పేస్తాను. గేర్ బాక్స్ మార్చే పనిలో మొదట ఎంచుకోవాల్సింది గేర్ బాక్స్ కాదు, బెల్ హౌసింగ్. సరైన బెల్ హౌసింగ్ దొరక్కపోతే ఆ పని మొదలెట్టకుండా ఉండటమే మంచిది. ఇది కొంతమందికి చాదస్తంగా అనిపిస్తుందని తెలుసు. ఎందుకు అంటున్నానో వినండి.

అసలు బెల్ హౌసింగ్ అంటే ఏంటి? ఇంజిన్ వెనకాల, గేర్ బాక్స్ ముందు, బోర్లించిన గంట ఆకారంలో ఉండే లోహపు డొల్ల. లోపల ఫ్లైవీల్, క్లచ్ ఉంటాయి. బయటినుంచి చూస్తే ఉత్త మూత లాగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ పెద్ద గౌరవం ఉండదు. కానీ అది చేసే పనులు నాలుగు. ఒకటి, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్‌నీ గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌నీ ఒకే గీత మీద నిలబెట్టడం. రెండు, ఆ రెండిటి మధ్య దూరాన్ని సరిగ్గా ఉంచడం. మూడు, క్లచ్ ఫోర్కుకీ చాలా కార్లలో స్టార్టర్ మోటారుకీ చోటివ్వడం. నాలుగు, ఎప్పుడైనా క్లచ్చో ఫ్లైవీలో పగిలితే ఆ ముక్కలు మన కాళ్ళ మీదకి రాకుండా అడ్డుపడటం. మన భాషలో చెప్పాలంటే ఇది ఇంటర్‌ఫేస్. రెండు పక్కలా ఉన్న మాడ్యూళ్ళని ఎవరైనా రాయగలరు, ప్రాజెక్టులు మునిగేది ఇంటర్‌ఫేస్ దగ్గరే.

ఇంతకీ నాకెందుకీ గోల? మా ఇంట్లో, బాలాపూర్‌లో, నాన్నగారి 1978 అంబాసిడర్ ఉంది. మార్క్ 3. నాలుగు గేర్లు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు. ఊళ్ళో తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు. తుక్కుగూడ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కితేనే దాని బాధ తెలుస్తుంది. 158 కిలోమీటర్ల ఆ రింగు రోడ్డు మీద పక్కవాళ్ళు వంద దాటి వెళ్తుంటే, ఇది డెబ్భైకే ఇంకో గేరు ఉంటే వెయ్యరా బాబూ అని అరుస్తుంటుంది. పైన ఇంకో గేరు లేదు. నాన్నకి వయసు మీద పడుతోంది, పెద్ద ప్రయాణాలకి ఆ కారు తీయడం మానేశారు. తీయని కారు నెమ్మదిగా తుక్కవుతుంది, ఇందులో అనుమానం లేదు. కాబట్టి ఐదో గేరు అనేది మా ఇంట్లో సరదా విషయం కాదు. ఆ కారు ఇంకో పదేళ్ళు తిరుగుతుందా, లేక చెట్టు కింద టైర్లు దిగిపోయి ఉంటుందా అన్న ప్రశ్న.

అంబాసిడర్ కథ చాలామందికి తెలిసిందే. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ని హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో తయారుచేశారు. మా కారులో ఉన్నది బీఎంసీ వాళ్ళ బి సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజిన్. 1990ల మొదట్లో జపాన్ ఇసుజు డిజైన్‌తో 1817 సీసీ పెట్రోలు ఇంజిన్, దానితోపాటు ఐదు గేర్ల బాక్స్ ఉన్న అంబాసిడర్ వచ్చింది. మన ఆఫీసర్ల కార్లుగా తిరిగిన వాటిల్లో అవి చాలా ఉన్నాయి. 2014 మే నెలలో ఉత్తర్‌పాడాలో తయారీ ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ పేరుని ప్యూజో వాళ్ళు 80 కోట్లకి కొనుక్కున్నారు. పేరు మాత్రమే, విడిభాగాలు కాదు.

ఇక్కడే అసలు చిక్కు. యాంత్రికంగా చూస్తే తేలికైన దారి ఒకటుంది. ఇసుజు ఇంజినూ, దాని గేర్ బాక్సూ, రెండిటి మధ్యా ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన బెల్ హౌసింగూ.. మొత్తం జతగా తెచ్చి ఎక్కించేయడం. ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ పెళ్ళి కంపెనీవాళ్ళే చేశారు కాబట్టి జాతకాలు మనం చూడక్కర్లేదు. నేనూ మొదట దీనికే మొగ్గు చూపాను. కానీ ఆర్సీ తీసి చూడండి. అందులో ఇంజిన్ నంబరు ఉంటుంది, ఛాసిస్ నంబరు ఉంటుంది, సీసీ ఉంటుంది, ఇంధనం ఏంటో ఉంటుంది. గేర్ బాక్స్ నంబరు ఉండదు. 1489 ఉన్నచోట 1817 వచ్చిందంటే కాగితానికీ బండికీ పొంతన పోయినట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సరిగ్గా దీని గురించే చెప్తుంది, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండి మార్చకూడదని. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే నిలబెట్టింది. పైగా బండి ప్రమాదంలో ఇరుక్కుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది ఇంజిన్ నంబరే.

ఇంకో లెక్క కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌కో బాడీకో ఇంజిన్‌కో పెద్ద మార్పులు జరగని బళ్ళకి అది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు ఫీజు, పదేళ్ళ గడువు, నంబరులో ప్రత్యేకంగా వీఏ అనే అక్షరాలు. రోజువారీ వాడకానికి ఒప్పుకోరు, అది వేరే సంగతి. మా కారుకి 2028లో యాభై నిండుతాయి. ఈలోగా ఇంజిన్ మార్చేస్తే ఆ తలుపు మా చేత్తో మేమే మూసుకున్నట్టు. రేపు ఆ తలుపు గుండా వెళ్తామో లేదో తెలియదు, కానీ మూసేయడానికి నాకు మనసొప్పట్లేదు.

అంటే పరిస్థితి ఇదీ. యాంత్రికంగా శుభ్రమైన దారి కాగితాల దగ్గర మురికి. కాగితాల దగ్గర శుభ్రమైన దారి, అంటే పాత ఇంజిన్ ఉంచి గేర్ బాక్స్ మాత్రమే మార్చడం, యాంత్రికంగా కష్టం. ఆ కష్టం మొత్తం వచ్చి పడేది ఒకే ఒక్క ముక్క మీద. బెల్ హౌసింగ్ మీద.

కష్టం ఎందుకంటే, ఈ బి సిరీస్ గేర్ బాక్స్‌కి బెల్ విడిగా ఉండదు. గేర్ బాక్స్ ఒంటితో కలిపి ఒకే పోత. గేర్ బాక్స్ దించారంటే గంట కూడా దానితోపాటే వెళ్ళిపోతుంది, ఇంజిన్ వెనకాల మిగిలేది ఒక ఉక్కు రేకు, ఫ్లైవీల్ మాత్రమే. కొత్త గేర్ బాక్స్‌ని తగిలించడానికి అక్కడేమీ ఉండదు. ఇక పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న సామెత మాకు అక్షరాలా వర్తించింది.

మా వైపు కాటేదాన్ పారిశ్రామికవాడలో లేత్ పనివాళ్ళకి కొదవలేదు. అడగ్గానే వచ్చిన జవాబు ఇదీ.

"ప్లేట్ కోయించి ఎక్కిచ్చేద్దాం సార్. నాలుగు బోల్టులే గదా."

"సెంటర్ ఎట్ల తీస్తవ్ ఉస్తాద్?"

"సెంటరేముంది సార్, బోల్టులు పడితే సెంటర్ ఒచ్చినట్టే."

ఈ ఒక్క మాట దగ్గరే నా అభ్యంతరం. బోల్టులు పడటం వేరు, సెంటర్ రావడం వేరు. బోల్టు పట్టే రంధ్రం ఎప్పుడూ బోల్టు కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది, లేకపోతే బోల్టు దూరదు. ఆ కొంచెం ఖాళీలో గేర్ బాక్స్ అటో ఇటో కూర్చుంటుంది. సెంటర్ నిలబెట్టేది బోల్టులు కాదు, డోవెల్ పిన్నులు. బోల్టుల పని గట్టిగా పట్టుకోవడం వరకే. ఈ తేడా తెలియకుండా కోసిన ప్లేటు ఎంత మందంగా ఉన్నా, ఎంత మెరుస్తున్నా, లాభం లేదు.

సెంటర్ తప్పితే ఏమవుతుంది? గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొన, క్రాంక్ షాఫ్ట్ వెనక రంధ్రంలో ఉండే చిన్న బుష్‌లో కూర్చుని తిరుగుతుంది. రెండు షాఫ్టులూ ఒకే గీత మీద లేకపోతే ప్రతి చుట్టుకీ ఆ ఇన్‌పుట్ షాఫ్ట్‌ని ఎవరో కొంచెం వంచి వదిలేసినట్టు అవుతుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 50 సార్లు. గంట ప్రయాణానికి లక్షా ఎనభై వేల సార్లు. మొదట ఆ బుష్ అరుగుతుంది. తర్వాత క్లచ్ తొక్కినా పూర్తిగా విడవదు, గేరు గరగరమంటుంది. తర్వాత ముందు బేరింగ్ మోత. కొన్నిసార్లు గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లో పడుతుంది. క్లచ్ ప్లేటు మధ్య భాగం చీలిపోవచ్చు కూడా. ఇవేవీ మొదటి రోజు కనిపించవు. మొదటి రోజు బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, మెకానిక్ డబ్బులు తీసుకుని వెళ్తాడు. మన ఫీల్డులో "నా మెషీన్ మీద పనిచేస్తోంది కదా" అన్నట్టే.

ఎంతవరకు తప్పొచ్చు అంటే, అమెరికాలో ఈ పనులు చేసేవాళ్ళు మామూలుగా వాడే హద్దు డయల్ గేజ్ మీద అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు. మన లెక్కలో 0.127 మిల్లీమీటర్లు. అది కూడా గేజ్ మీద కనిపించే మొత్తం తేడా. అసలు సెంటర్ జరిగింది అందులో సగమే, అంటే 0.06 పైచిలుకు. తల వెంట్రుక మందం అనుకోండి. కంటితో చూసి "ఒచ్చింది సార్" అనగలిగిన కొలత కాదు ఇది.

కొలిచే పద్ధతి మాత్రం చాలా తేలిక. బెల్‌ని ఇంజిన్‌కి బిగించి, గేర్ బాక్స్ లేకుండా, ఫ్లైవీల్ మీద అయస్కాంతపు స్టాండుతో డయల్ గేజ్ పెట్టాలి. దాని మొన బెల్ వెనక ఉన్న పెద్ద గుండ్రటి రంధ్రం లోపలి అంచుకి ఆనాలి. గేర్ బాక్స్ ముందు భాగం కూర్చునేది ఆ రంధ్రంలోనే. ఇప్పుడు చేత్తో క్రాంక్‌ని తిప్పుతూ గడియారంలో 12, 3, 6, 9 ఉండే చోట్ల రీడింగ్ రాసుకోవాలి. 12 దగ్గర సున్నా, 6 దగ్గర 0.20 వచ్చిందనుకోండి, రంధ్రం నిలువుగా 0.10 మిల్లీమీటర్లు తప్పినట్టు. దాన్ని సరిచేయడానికి అక్షం పక్కకి జరిపిన డోవెల్ పిన్నులు ఉంటాయి. అవి తిప్పి బెల్‌ని కావలసినంత జరుపుకోవచ్చు. తర్వాత అదే గేజ్‌ని వెనక ముఖం మీద ఆనించి అది వంకర లేకుండా ఉందా చూడాలి. మొత్తం గంట పని. డయల్ గేజ్ ఉన్న లేత్ షాపులు హైదరాబాద్‌లో ఎన్ని లేవు! మా బాలాపూర్ పక్కనే క్షిపణుల పరిశోధన చేసే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ 1968 నుంచీ ఉంది. వెంట్రుకలో వంతులు కొలవడం వచ్చిన ఊరు ఇది. గోడకి అటువైపు మైక్రాన్లు, ఇటువైపు "నాలుగు బోల్టులే గదా" అంటే ఎలా?

ఇక ప్లేటు మందం సంగతి. ఉన్న రెండు ముక్కల మధ్య 12 మిల్లీమీటర్ల ప్లేటు పెట్టామనుకుందాం. 12 మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. గేర్ బాక్స్ 12 వెనక్కి జరిగింది కాబట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ కొన బుష్‌లోంచి 12 బయటికొచ్చింది. అసలు అందుతోందా లేదా చూడాలి. క్లచ్ ప్లేటు కూర్చునే గాళ్ళు షాఫ్ట్ మీద 12 జరిగాయి. రిలీజ్ బేరింగ్ క్లచ్ వేళ్ళకి 12 దూరమైంది, ఫోర్కు కోణం మారింది. స్టార్టర్ గేర్ బాక్స్ వైపు బిగించేదైతే దాని పళ్ళు ఫ్లైవీల్ పళ్ళకి సరిగా అందవు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవెక్కువైంది. వెనక మౌంటు రంధ్రాలు కలవవు. ఒక్క అంకె మారిస్తే ఆరుచోట్ల బిల్డు ఎర్రర్లు. వీటిల్లో ప్రతి దానికీ మందుంది, నేను కాదనను. పొడుగు బుష్ తిప్పించుకోవచ్చు, షాఫ్ట్ కోయించుకోవచ్చు. కానీ ఈ ఆరూ లెక్కలో వేసుకుని ప్లేటు గీయడం వేరు, ప్లేటు బిగించాక ఒక్కొక్కటీ కనిపెట్టి పడటం వేరు.

ఈ సమస్య మన పేదరికం వల్ల వచ్చింది, అమెరికాలో అన్నీ కేటలాగులో దొరుకుతాయి అనుకుంటారేమో. డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర 1966 మస్టాంగ్ ఉంది. 289 ఇంజిన్, ఆటోమేటిక్. దాన్ని తీసేసి 1980ల మస్టాంగ్‌లో వచ్చిన టీ5 ఐదు గేర్ల బాక్స్ వేయాలని అన్నయ్య కోరిక. ఆ టీ5లో ఐదో గేరు నిష్పత్తి 0.68. అంటే నాలుగో గేరులో 3,000 తిరిగే ఇంజిన్ అదే వేగానికి 2,040 తిరిగితే చాలు. నోరూరుతుంది కదా. అక్కడ బెల్ హౌసింగులు కుప్పలు. అందులో ఏది అన్నదే ప్రశ్న. ఫోర్డ్ వాళ్ళు ఆ చిన్న వీ8 ఇంజిన్ల వెనక బోల్టుల అమరికని 1964 ఆగస్టులో ఐదు నుంచి ఆరుకి మార్చారు. కాబట్టి 1964 మస్టాంగ్‌కి పట్టేది 1966కి పట్టదు. ఫ్లైవీల్ పళ్ళు కొన్నిటికి 157, కొన్నిటికి 164, దాన్నిబట్టి గంట సైజూ స్టార్టరూ మారతాయి. ఫ్లైవీల్ సమతూకం 289కి 28 ఔన్సులు, 1980ల 302కి 50. బెల్‌తో పాటు వచ్చింది కదా అని కొత్తదాని ఫ్లైవీల్ బిగిస్తే ఇంజిన్ వణికి చస్తుంది. ఇన్నీ కుదిరాక, 80ల బెల్ ఎంచుకుంటే దాని క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది, 60ల కారులో ఉండేదేమో రాడ్లతో. లేదా 60ల మాన్యువల్ కారు బెల్ తెచ్చి దానికి టీ5 కోసం పలుచటి ప్లేటు వేసుకోవాలి. చూశారా? బెల్ ఏదో తేలితే క్లచ్ ఏదో, ఫ్లైవీల్ ఏదో, స్టార్టర్ ఏదో, ఆఖరికి పెడల్ కింద ఏముండాలో అన్నీ తేలిపోతాయి. గేర్ బాక్స్ నుంచి మొదలెడితే ఏదీ తేలదు. కేటలాగు ఉన్నచోట కూడా వరుస ఇదే.

అక్కడ రేసుల కోసం పగిలినా ముక్కలు బయటికి రానివ్వని ఉక్కు బెల్‌లు, వాటికి ఎస్ఎఫ్ఐ 6.1 అనే ప్రమాణం ఉన్నాయి. మన అంబాసిడర్ ఇంజిన్ బలం 50 హార్స్‌పవర్‌కి అటూ ఇటూ. దానికి ఉక్కు కవచం కావాలని నేననను. కానీ చెవి విరిగిన అల్యూమినియం బెల్‌కి ఆర్గాన్ వెల్డింగ్ చేసి, ముఖం మళ్ళీ మిషన్ మీద సాపు చేయకుండా ఎక్కించేది మాత్రం వద్దంటాను. వెల్డింగ్ వేడికి లోహం వంగుతుంది. పాత గేర్ బాక్స్ గంట కోసి కొత్తదానికి అతికించడం ఇంకా ఘోరం. వెనక్కి వెళ్ళే దారే ఉండదు.

ఇప్పుడు నా మీద వచ్చే అభ్యంతరాలు.

మొదటిది: "1980ల్లో, 90ల్లో మన ఊళ్ళల్లో పెట్రోలు అంబాసిడర్లకి డీజిలు ఇంజిన్లు ఎక్కించలేదా? జీపులకి ఎక్కించలేదా? డయల్ గేజ్ ఎవడు చూశాడు? తిరగలేదా?" తిరిగాయి. ఆ పనివాళ్ళంటే నాకు గౌరవమే. వాళ్ళు ఒకే మార్పు మళ్ళీ మళ్ళీ చేశారు, మొదటి బండిలో పోయింది పదో బండిలో సరిచేసుకున్నారు. కొలత వాళ్ళ చేతుల్లో ఉంది, కాగితం మీద లేదు. పైగా అవి టాక్సీలు. గ్యారేజ్‌కి వెళ్ళిరావడం వాటి బతుకులో భాగం. మన కారు ఒక్కటే, మార్పు ఒక్కసారే, చేసేవాడికి ఇది మొదటి బండి. పదో బండి అనుభవం మొదటి బండికి కావాలంటే కొలత ఒక్కటే దారి. ఆ చేతులు ఒక్కొక్కటే పని మానేస్తున్నాయి కాబట్టి కొలిచింది రాసిపెట్టుకోవడం ఇంకా ముఖ్యం.

రెండోది, సరిగ్గా దీనికి వ్యతిరేకంగా: "అసలు ముట్టుకోకూడదు, అది వారసత్వం." చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం చేసిన 1912 రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని ముట్టుకోకూడదు, ఒప్పుకుంటాను. మా నాన్న కారు అద్దాల వెనక పెట్టేది కాదు. కుటుంబం మొత్తాన్ని యాదగిరిగుట్టకి మోసిన కారు, మోయడమే దాని విలువ. కానీ ఈ వాదనలో ఒక న్యాయం ఉంది, దాన్ని నేను నియమంగా తీసుకున్నాను: ఏ మార్పు చేసినా ఒక ఆదివారం విప్పి పాత స్థితికి తేగలగాలి. పాత గేర్ బాక్స్ నూనె పోసి, మూటకట్టి, దాని బోల్టులతో సహా దాచాలి. బాడీ కోయకూడదు. ఇక్కడ గేరు రాడ్డు విషయం కూడా ఉంది. కొత్త బాక్స్‌కి రాడ్డు నేలలోంచి వస్తే ఫ్లోర్‌లో రంధ్రం పెట్టాలి. అది బాడీ మార్పే అవుతుంది. కాబట్టి గంట ఎంత పొడుగు ఉంటే రాడ్డు ఎక్కడికొస్తుంది అన్నది కూడా ముందే గీసి చూసుకోవాలి. మళ్ళీ గంట దగ్గరికే వచ్చాం.

మూడోది డబ్బు. "గేర్ బాక్స్ కంటే బెల్‌కే ఎక్కువ అవుతోంది, అంత అవసరమా?" మా ఊరి గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకి మొదలై 2025లో 35 లక్షలకి పాడారు. లడ్డూ ధరని నమ్మకం నిర్ణయిస్తుంది, తప్పులేదు, అది దేవుడి లెక్క. బెల్ హౌసింగ్‌ని నమ్మకంతో కొనకూడదు. దాని విలువ గేజ్ మీద ముల్లు చెప్తుంది. సరిగా వచ్చిన బెల్ ఒక్కసారి ఖర్చు. సరిగా రానిది ఏడాదికో గేర్ బాక్స్ దించే ఖర్చు.

ఇంగ్లండులో ఇదే బి సిరీస్ కుటుంబపు ఇంజిన్లున్న ఎంజీ కార్లవాళ్ళు ఎప్పుడో ఈ దారి తొక్కారు. ఫోర్డ్ టైప్ 9 అనే ఐదు గేర్ల బాక్స్‌కి బెల్ విడిగా ఊడొస్తుంది. దాని స్థానంలో ఎంజీ ఇంజిన్‌కి సరిపోయే కొత్త బెల్‌ని పోతపోయించి, అక్కడి షాపులవాళ్ళు కిట్టుగా అమ్ముతున్నారు. అందులో నేర్చుకోవాల్సింది కిట్టు కొనడం కాదు, ఆలోచన. ఒకటి, బెల్ విడిగా ఊడొచ్చే గేర్ బాక్స్‌ని ఎంచుకున్నారు. రెండు, ప్లేట్ల మీద ప్లేట్లు పెట్టకుండా ఇంజిన్ వెనక నుంచి గేర్ బాక్స్ ముందు దాకా ఒకే ముక్క చేయించారు. ఒకటే ముక్కైతే తప్పు జరిగే చోట్లు సగమవుతాయి. అయితే ఒక జాగ్రత్త: బి సిరీస్‌లో మూడు మెయిన్ బేరింగులవీ, ఐదు బేరింగులవీ ఉన్నాయి. మన అంబాసిడర్ ఇంజిన్ మూడు బేరింగులది. ఐదు బేరింగుల ఎంజీ కోసం చేసింది దీనికి ఉన్నపళంగా పట్టదు, క్రాంక్ వెనక భాగమూ, ఆ ఉక్కు రేకూ వేరు. పేరు ఒకటే కదా అని ఆర్డరిస్తే వెర్షన్ మిస్‌మ్యాచ్.

నాన్నకి ఇదంతా ఒక సాయంత్రం కాగితం మీద గీసి చూపించాను. ఆయన రిటైరవక ముందు సర్వే శాఖలో పనిచేశారు. అంతా విని, "ఒరేయ్, గొలుసు సరిగా పట్టుకోనివాడు ఎన్ని ఎకరాలు కొలిచినా లాభం లేదురా. దొరికేదాకా ఆగు. నాకేం తొందర లేదు" అన్నారు. తొందర ఉందని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట నన్ను మరింత కట్టిపడేసింది. తొందర ఉన్నప్పుడే కదా ప్లేటు కోయించాలనిపించేది.

కాబట్టి మా లెక్క ప్రస్తుతానికి ఇదీ. ఉన్న నాలుగు గేర్ల బాక్స్‌ని విప్పి బేరింగులు మార్పించి, తిరిగేలా ఉంచుతున్నాం. ఇంజిన్ వెనక ముఖం కొలతలు, డోవెల్ స్థానాలు, క్రాంక్ రంధ్రం లోతు, ఫ్లైవీల్ ముఖం నుంచి దూరాలు అన్నీ ఆ దించిన సమయంలోనే తీసి డ్రాయింగు చేస్తున్నాం. ఆ డ్రాయింగుకి సరిపోయేలా బెల్ పోయించి, బోరింగ్ చేసి, డయల్ గేజ్ రీడింగ్ రాసిచ్చే షాపు దొరికాకే గేర్ బాక్స్ కోసం వెతుకుతాం. రీడింగ్ రాసివ్వనన్నవాడికి పని ఇవ్వం. ఎంత తక్కువకి చేస్తానన్నా సరే.

మీలో ఎవరైనా తాతగారి ఫియట్టో, మావయ్యగారి జీపో, అమెరికాలో ముచ్చటపడి కొన్న మస్టాంగో పట్టుకుని ఇదే పనికి దిగుతుంటే నేను చెప్పేది ఇంతే. గేర్ బాక్స్ అమ్మేవాడికి అడ్వాన్సు ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ బాక్స్‌కి గంట విడిగా ఉందా, ఒంట్లోనే ఉందా? నా ఇంజిన్ వెనక ముఖానికి సరిపడే గంట ఎవరి దగ్గరుంది? ఆ గంటతో స్టార్టరూ క్లచ్చూ ఏవి వస్తాయి? సెంటర్ ఎవరు కొలుస్తారు, ఎక్కడ రాసిస్తారు? నాలుగిటికీ జవాబు దొరికితే అడ్వాన్సు ఇవ్వండి. ఒక్కదానికి దొరక్కపోయినా డబ్బులు జేబులో పెట్టుకుని నాలుగో గేరులోనే ఇంటికి రండి. నెమ్మదిగా వచ్చినా బండి మనల్ని ఇంటికి చేరుస్తుంది.